మారా పక్కన సున్న

కోడలు బేకరీ పెడుతోంది. అత్తగారు మాత్రం కోడలు చేసిన బన్ను ముక్క ఇంతవరకూ నోట పెట్టలేదు. పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి కేకు మాడింది. అంతే, "నీ చెయ్యే చేదమ్మా" అని ఆవిడ తీర్పు చెప్పేసింది. ఊరంతా లొట్టలేసుకుని తిన్నా, ఆ ఒక్క నోరు మెచ్చుకోకపోతే కోడలికి నిద్ర పట్టదు. పంతమంటే అదీ!

అందుకే కొట్టుకి పేరు పెట్టమని మొగుణ్ణి ఆవిడ దగ్గరికి రాయబారం పంపింది. ఆయన వెళ్లినంతసేపు కూడా పట్టలేదు తిరిగి రావడానికి.

"'మారా' అని పెట్టుకోమంది. బైబిల్లో ఉన్న చోటట."

"అత్తయ్యే పెట్టారా!" కోడలి కాళ్లు నేల మీద నిలవలేదు. అర్థమేమిటని అడగాలన్న బుద్ధి మొగుడికీ లేదు, పెళ్లానికీ లేదు. ఇద్దరూ ఇద్దరే. గులాబీ రంగులో, ఆమడ దూరానికి కనబడేలా బోర్డు రాయించారు.

కొట్టు తెరిచే రోజు ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు బోర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమ్మా, కేకులమ్మే కొట్టుకి 'చేదు' అని పేరు పెట్టావేం?"

"చేదేంటండీ?"

"హెబ్రీ భాషలో మారా అంటే చేదు. ఇశ్రాయేలీయులు ఎడారిలో దాహంతో నడిచి నడిచి, ఒకచోట నీళ్లు చూశారు. తాగబోతే ఒకటే చేదు! ఆ చోటికి ఆ పేరే ఖాయమైంది."

వచ్చినవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మొగుడు ఓవెన్ వెనక్కి జారుకున్నాడు. కోడలికి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అత్తయ్యా, మీకిది న్యాయమా?"

కుర్చీలో ఉన్న అత్తగారు తొణకలేదు. "సగం కథ విని నా మీద పడతావేం? వాళ్లని నడిపించే మోషే ఓ చెట్టు తెచ్చి అందులో వేస్తే అవే నీళ్లు తియ్యగా మారాయి. కావాలంటే పాస్టరుగార్నే అడుగు."

"మరి ఆ చెట్టేదో మీరే వెయ్యొచ్చుగా! ఇన్నేళ్లూ చూస్తూ కూర్చున్నారేం?"

 

కోడలు స్టూలెక్కి, కేకుల మీద పేర్లు రాసే క్రీముతో బోర్డు చివర ఒక సున్న చుట్టింది. "మారాం."

"చీమలు పడతాయే!" అన్నాడు మొగుడు, ఓవెన్ వెనకనుంచే.

"పట్టనీండి. నా చెయ్యి తీపని వాటికైనా తెలుస్తుంది."

"ఇంతకీ ఎవరు మారారంట?" అంది అత్తగారు.

"నేను మారాను. మీ సంగతి ఇది చెబుతుంది," అని కోడలు ఆవిడ చేతిలో బన్ను పెట్టింది.

ఆవిడ వాసన చూసింది. కొరికింది.  ఆవిడ ఔననలేదు, కాదనలేదు, బన్ను మాత్రం అయిపోయింది.

"పదమ్మా, ఇంటికి దిగబెడతా," అన్నాడు మొగుడు, ఓవెన్ వెనకనుంచి బయటికొచ్చి తల్లితో.

అత్తగారు చంటిపిల్లలా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఇంకోటి పెడితేగానీ లేవను!"

కోడలు కళ్లు తుడుచుకుని రెండు పెట్టింది.