లప్పము పూసిన రథము

వైశాఖమాసపు ప్రభాతవేళఁ బ్రాగ్దిశాంగన నుదుటఁ గుంకుమ దిద్దుకొనుచుండఁగా భీమునిపట్టణ సాగరతరంగములు శంఖధవళఫేనహారములను సైకతవేదికపైఁ బఱచి మరలిపోవుచుండఁగా మా పెరటి మామిడికొమ్మలయందలి శుకశారికాకలకలమునకు వీథియెల్ల మేల్కొనుచుండఁగా నిట్టి సర్వలోకమనోహరమగు సమయమున నా భర్తయగు దక్షిణామూర్తిగారు తమ తండ్రిగారి నల్లని అంబాసిడరు కారు క్రింద వెల్లకిలఁ బరుండి మోకాళ్ళవఱకు మాత్రమే లోకమునకు దర్శన మొసంగుచుండిరి. ఇరువదితొమ్మిది సంవత్సరముల కాపురమున నా ముఖమును వా రేనాఁడును అంతటి తదేకదీక్షతోఁ బరికించి యెఱుఁగరు. కాఫీగ్లాసును సైతము నేలపై జరపి కారు క్రిందికి నైవేద్యము పెట్టవలసి వచ్చుచుండెను.

ఈ తపస్సునకుఁ గారణము లేకపోలేదు. విజయనగరమున డ్రాయింగుమాస్టరుగాఁ బనిచేసి విశ్రాంతి గొనుచున్న పొట్నూరు కామేశముగారు తమ పెండ్లియూరేగింపు అట్టి కారులోనే జరిగినదగుటచే మఱల భార్యాసమేతులై యట్టిదానిలోఁ దిరుగవలెనని ముచ్చటపడి కారును జూచుటకు ఆదివారమున వత్తుమని కబురంపిరి. కాని వెనుకసీటు ముందఱి నేలరేకు తుప్పుపట్టి అప్పడమువలెఁ బెళుసెక్కియుండెను. మెకానిక్కు సింహాద్రి స్క్రూడ్రైవరుతో నొకచోటఁ బొడిచి చూచి తల యడ్డముగ నూపెను.

"బాబుగోరూ, పాత రేకు కోసీసి కొత్తది అతకాల. పది రోజులు పడతాది. నేదంటే ఉన్నది ఉన్నట్టు సెప్పీసి అమ్మీండి. రెండూ కాక పైన లప్పం ఎట్టీమంటే మాత్రం నాను సెయ్యను."

"సముద్రపు గాలోయ్! ఈ గాలికి కొండలే కరిగిపోతాయి. దీనికింత రాద్ధాంతమా?"

గాలియే సర్వదోషములకుఁ గర్త యనుట మా వారి చిరకాలసిద్ధాంతము. తలుపు గొళ్ళెము బిగిసినను నా కుట్టుమిషను మొరాయించినను బోనెక్కునది గాలియే. సింహాద్రి వెడలిపోఁగానే వారు స్వయముగా లప్పపుడబ్బాను దెచ్చి ముక్కునకు నా పాత చీరకొంగు గట్టుకొని మూఁడుదినములు పూసి రుద్ది నల్లరంగు వేసి దానిపైఁ గొత్త రబ్బరుచాపను బఱచిరి.

"ఏమండీ, ఆ మాస్టారికి ఉన్నమాట చెప్పేస్తే పోయేదేముంది?" అని పూఁతల నడుమ నొకసారి యడిగితిని.

"పోయేది మా నాన్నగారి పరువు! ఆయన బండిని తుప్పుబండి అనిపించమంటావా? పెళ్ళిచూపులకి పిల్లకి పౌడరు రాయరేమిటే?"

"రాస్తారండీ, మొహానికి. విరిగిన కాలికి కాదు."

వారు మఱియొక పూఁత పూసిరి.

ఆదివార ముదయమున వారి యాజ్ఞానుసారము వాకిట నేనొక పెద్ద పద్మపుముగ్గు వేయఁగా శుభసూచకముగా దానిపైననే కారును నిలిపిరి. కామేశముగారు వచ్చి బోనెటుపైఁ జేయివేసి ప్రేమతో నిమిరిరి. వారి భార్య సుభద్రమ్మగారు చేతికఱ్ఱ నూని మెల్లగ నడచివచ్చి వెనుకతలుపు తెఱచి కాలెత్తఁబోయి యాఁగిరి.

"నేల గట్టిదే కదా నాయనా? ఈ మోకాలికి మొన్ననే ఆపరేషనయింది."

"గట్టిదా అని అడుగుతారేమిటి పిన్నిగారూ! ఏనుగెక్కినా చెక్కుచెదరదు. ఇదిగో, చూడండి!"

అనుచు మా వారు ఆమెకంటె ముందుగా లోపలికి దూఱి నడుము వంచి నిలిచి కుడికాలితో నేలను దన్నిరి.

ఫెళ్ళుమను ధ్వని యొకటి వినవచ్చెను. రబ్బరుచాప గుంటపడి చినిఁగెను. మోకాలివఱకుఁ గల వారి పాదదండము కారులో నదృశ్యమై మఱుక్షణమున కారు క్రింద నా పద్మపుముగ్గు నడిమిరేకుపైఁ జెప్పుతో సహా ప్రత్యక్షమయ్యెను.

అప్పుడు మా వాకిటఁ గాలము గడ్డకట్టెను. సుభద్రమ్మగారు చేతికఱ్ఱ నూని కదలక నిలిచిరి. ఆమె చూపు ముగ్గుపైనున్న యా పాదమునుండి తన మోకాలికిని మోకాలినుండి వీథిలోని తారురోడ్డునకును బోయి యచ్చటనే నిలిచిపోయెను. ఆ కాలు ఆమెదై ఆ కారు పరుగిడుచున్నదైనచో నేమగునో అక్కడున్న నలుగురకును ఒక్కతూరి గోచరించెను. నేను చేతిలోని మజ్జిగగ్లాసుల పళ్ళెమును నేలపైఁ బెట్టి యామె భుజము పట్టుకొని వెనుకకు నడిపించితిని.

కామేశముగారు వంగి రాలిన పెచ్చు నొకదానిని దీసి చూచిరి. పైన నలుపు, నడుమ లప్పము, అడుగున గోనెపీచును దాని నంటిన తెల్లని పలుకులును. వారు దానిని నా చేతికిచ్చిరి. నేను నాలుకకుఁ దాఁకించితిని. ఇరువదితొమ్మిది ఆవకాయలు పెట్టిన నాలుక యగుటచే గుర్తుపట్టుటకు క్షణము పట్టలేదు. అది నౌపడా యుప్పుమడులలోని కల్లుప్పు.

మా వారికిఁ దమ తల్లిగారి పద్ధతి వేదవాక్యము. ఊరగాయలకు నౌపడా యుప్పే కావలెను. దానిని దెచ్చుటకు వారికి సెలవు చిక్కునది శనివారమే. శనివారమున నుప్పు గడప దాటరాదు. కావునఁ బ్రతి సంవత్సరమును రెండు తడిగోనెలు ఆదివారపు రాహుకాలము గడచువఱకు వెనుకసీటు ముందు నేలపై నీరు కార్చుచు విడిది చేయుచుండెను. క్రింద పట్టా వేయుఁడని నేనన్నప్పుడెల్ల "ఉప్పుకి ఊపిరాడాలే" యనుచుండిరి.

"ఈ నేల ఇలా ఉందని మీకు ముందే తెలుసా బాబూ?" అని కామేశముగారు మెల్లగ నడిగిరి.

మా వారు నావంకఁ జూచిరి. నేను ఇరువదితొమ్మిదేండ్లలో నెన్నడును లేనంత శ్రద్ధగా ముగ్గువంకఁ జూచితిని. అన్నియేండ్లు నిందలు మోసిన సముద్రపుగాలి యప్పుడే వీథిమలుపు దిరిగివచ్చి కారు క్రింద దూఱి యా రంధ్రముగుండఁ బైకి లేచి మా వారి పంచెయంచును మెల్లగఁ గదల్చెను.

"తెలుసు మాస్టారూ. సింహాద్రి చెప్పాడు, ఇదీ చెప్పింది. రేకు కోయించి కొత్తది వేయించాకే రమ్మంటాను, అదీ మీకు మళ్ళీ మనసైతేనే." వారు ఒంటికాలిపై నట్లే నిలిచి నావంకఁ దిరిగిరి. "గాలి ఏమీ చెయ్యలేదే. ఉప్పు మోసిందీ నేనే, లప్పం పూసిందీ నేనే. తప్పు నాది."