రెండో బటన్

దోర్నపాల్‌లో చింతపండును ఇటుకల్లా అదిమి లారీలకెక్కించే కార్ఖానా ప్రసన్నకుమారిది. తండ్రి విజయనగరం నుంచి కిరండూల్ లైన్లో రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కార్ఖానాలో ఇరవైమంది ఆడవాళ్లు గింజలు తీస్తారు. అదిమే ప్రెస్ మాత్రం ఒక్కటే. దానికి రెండు బటన్లు. రెండు చేతులూ రెండింటి మీదా ఉంటేనే పైనున్న ఇనుప పలక కిందికి దిగుతుంది.

ఏప్రిల్లో సరుకు ముంచుకొచ్చింది. యంత్రాలు చూసే శ్యామ్‌ప్రసాద్ ఒక బటన్ సందులో అగ్గిపుల్లలు దూర్చి, అది పైకి లేవకుండా టేపు చుట్టాడు. ఇక ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో పెట్టెలో పండు సర్దొచ్చు. పని చకచకా సాగింది. శనివారం పొద్దున ప్రెస్ దగ్గర పనిచేసే సోమ్లీ కుడిచేతి మూడు వేళ్లు పలక కింద పడి నలిగిపోయాయి.

ఆమెను జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపాక శ్యామ్‌ప్రసాద్ చేసిన మొదటి పని ఆ పుల్లలు, టేపు పీకెయ్యడం. రెండో పని ఆమె పేరుతో ఒక బయాన్, అంటే వాంగ్మూలం, రాయడం. మాట్లాడుకుంటూ అజాగ్రత్తగా తానే చెయ్యి పెట్టానని సోమ్లీ చెప్పినట్టు అందులో ఉంది. బుధవారం లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తాడని, ఈలోగా వేలిముద్ర తెమ్మని ప్రసన్నకుమారికి ఇచ్చాడు.

మంగళవారం ఆమె జగదల్‌పూర్ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు వదిలి ఇటువైపు కూర్చుంది, మళ్లీ అటు మారింది. కాగితం తీసి చదివింది, మడిచింది, ఇంకోసారి తీసింది. దారిలో సుక్మాలో దిగిపోయి, రోడ్డు దాటి దోర్నపాల్ వెళ్లే బస్సులు ఆగేచోట నిలబడింది. ఒక బస్సు వచ్చింది. ఎక్కలేదు. మళ్లీ రోడ్డు దాటి జగదల్‌పూర్ బస్సెక్కింది.

ఆసుపత్రిలో సోమ్లీ మంచం పక్కన అక్క మంగి నేలమీద కూర్చుని ఉంది. వాళ్లది కోంటా వైపు ఊరు. ఇద్దరూ ఏడుస్తూ ఉంటారనుకుంది ప్రసన్నకుమారి. తిడతారని కూడా అనుకుంది. మంగి లేచి స్టూలు జరిపింది, అంతే. డాక్టర్లు మూడు వేళ్లూ తీసేశారట. వచ్చే ఏడు ఇప్పపువ్వు ఏరడానికి పనికొస్తుందా ఈ చెయ్యి అని మంగి నర్సును అడిగిందట.

సోమ్లీ కట్టు వైపు చూడకుండా అడిగింది.

"ఇప్పుడు మిషిన్ కాడ ఎవరున్నరక్కా?"

"భీమే."

"పుల్లలు తీసిన్రా?"

"ఆ రోజే తీసేశారమ్మా."

"మళ్ల పెడ్తరు. లారీ వొస్తే పెడ్తరు." మెల్లగా అంది. "నువ్వు గూడ చూసినవు గదక్కా. గురువారం వొచ్చి చూసినవు. జర జాగర్త అని చెప్పి పోయినవు."

నిజమే. ఆ గురువారం టేపు చూసి ఇదేంటని అడిగింది. లారీ నిండేదాకానే అన్నాడు శ్యామ్‌ప్రసాద్. ఆమె జాగ్రత్త అని చెప్పి గదిలోకి వెళ్లిపోయింది. చెప్పాను కదా అని ఈ మూడు రోజులూ తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది.

వరండాలోకి పరుగెత్తి శ్యామ్‌ప్రసాద్‌కు ఫోన్ చేసింది. వెనక ప్రెస్ మోటారు చప్పుడు వినిపిస్తోంది. బటన్ సంగతి అడిగితే అతను నసిగాడు. లారీ గుమ్మంలో ఉందని, ఈ ఒక్క పూటేనని అన్నాడు.

"మెయిన్ ఆపు."

"మేడమ్, సగం లోడే అయింది..."

"ఆపీసి ఫోను భీమేకియ్యి."

చప్పుడు ఆగలేదు. అవతల ఏవో మాటలు, అడుగుల శబ్దం. ఆమె గోడను పట్టుకుని నిలబడింది. భీమే చెయ్యి ఇప్పుడు పెట్టెలో ఉందా, బయట ఉందా? ఎంతసేపటికో మోటారు మూలిగి ఆగింది. భీమే గొంతు వినబడ్డాక రెండు చేతులూ బాగున్నాయా అని అడిగింది. బాగానే ఉన్నాయంది భీమే, ఎందుకడుగుతున్నారో అర్థంకాక.

లోపలికొచ్చి సోమ్లీతో ప్రెస్ ఆపించానని చెప్పింది. సోమ్లీ కళ్లు మూసుకుంది. సంచిలోని కాగితం బయటికి రానేలేదు.

బుధవారం ఇన్‌స్పెక్టర్‌కు ప్రసన్నకుమారి తన బయాన్ తానే హిందీలో రాసిచ్చింది. బటన్ బిగించారని, తాను చూసిందని, చూసి ఆపలేదని రాసింది. వకీలును అడిగి రాయొచ్చు కదా అన్నాడాయన. అవసరం లేదంది. ప్రెస్‌కు సీలు పడింది, ఆమె మీద కేసు పడింది. శ్యామ్‌ప్రసాద్ పని మానేశాడు. సోమ్లీకి చట్టప్రకారం రావలసిన పరిహారం లేబర్ ఆఫీసులో తేలింది. గింజలు తీసే దగ్గర పని ఉందని కబురు పంపితే, ఆ మిషిన్ చప్పుడు వినలేనని తిరుగు కబురొచ్చింది.

జూన్ చివర్లో సీలు తీశారు. పెట్టెకు జాలీ తలుపు పెట్టించారు, అది మూస్తే తప్ప పలక దిగదు. ప్రసన్నకుమారి ఇప్పుడు గదిలో కూర్చోలేకపోతోంది. పది నిమిషాలకోసారి వచ్చి బటన్లు తడిమి చూస్తుంది, తలుపు లాగి చూస్తుంది.

"నువ్వీడ నిలబడితే మాకు పని సాగదక్కా," అంది భీమే ఒకరోజు.

వెళ్తున్నానంది. గుమ్మందాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.