తలకిందులైతది సార్

మా నల్లగొండ జిల్లాలో నిమ్మకాయకు ఉన్న మర్యాద క్లాసు ఫస్టొచ్చిన పిల్లకు కూడా ఉండదు. కొత్త బండి కొన్నవాడు దాన్ని చక్రాల కింద పెట్టి తొక్కిస్తాడు. దుకాణం తెరిచినవాడు పచ్చిమిరపకాయలతో కలిపి గుచ్చి గుమ్మానికి వేలాడదీస్తాడు. మా హెడ్మాస్టరు గుర్వయ్యగారైతే బడికి కంప్యూటరు వచ్చిన రోజు దాని చుట్టూ మూడుసార్లు నిమ్మకాయ తిప్పి, కోసి, చెరో పక్కా ఒక్కో చెక్క పెట్టాడు. ఆయన ఎమ్మెస్సీ. వారం తిరక్కుండానే కంప్యూటరు చెడిపోయింది. చెక్కలు సమానంగా కోయలేదేమోనని అటెండరు అనుమానపడితే, ఆ ఎమ్మెస్సీ అవునేమోనని తలూపాడు.

నేను అదే బడిలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పేరు అమరేందర్. ఇలాంటి మనుషులంటే నాకు అసహ్యం, దాచుకోను కూడా. ఎక్కడ దిష్టి నిమ్మకాయ కనబడినా తెంపుకొచ్చి, నలుగురి ముందు కోసి, గ్లాసు నీళ్లలో పిండుకుని తాగుతాను. "సూసిన్రా? నాకేమన్న అయిందా?" అంటాను. పేపర్లో రెండుసార్లు ఫోటో వేశారు. ఆ రెండూ మా ఇంట్లో ఫ్రేము కట్టించి ఉన్నాయి.

మా బడి మొత్తంలో నేను మొద్దు అని తిట్టని పిల్ల ఒక్కతే ఉండేది. తొమ్మిదో తరగతి జేబా. ఊళ్లో పంక్చర్ దుకాణం నడిపే నదీం కూతురు. జిల్లా సైన్స్ ఫెయిర్ కోసం మూడు నెలలు కష్టపడి నీళ్ల సీసా రాకెట్ తయారు చేసింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోస్తుంది. మూతికి రబ్బరు బిరడా బిగిస్తుంది. బిరడాలో సైకిల్ ట్యూబు వాల్వు. సీసాను తలకిందులుగా స్టాండు మీద నిలబెట్టి పంపుతో గాలి కొడుతుంది. లోపల గాలి బిగుసుకుని బిరడా ఊడగానే నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. స్టాండు వాళ్ల నాయిన పాత సైకిలు ఊచలతో వెల్డింగు చేసిచ్చాడు.

ఇందులో నేను చేసింది గైడ్ టీచర్ అన్నచోట సంతకం పెట్టడం. ఆ పిల్ల రాకెట్ ఎగరేస్తుంటే స్టాఫ్ రూము కిటికీలోంచి ఒకటి రెండుసార్లు చూశాను. నిటారుగా పోతోంది. నాకు అది చాలు.

నల్లగొండలో ఫెయిర్ జరిగిన రోజు నదీం దుకాణం మూసేసి, పంపు భుజాన వేసుకుని మాతో బస్సెక్కాడు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వలేదు. ఆయన పంపు కూతురి చేతికిచ్చి గేటు బయటే కూర్చున్నాడు. జిల్లా నుంచి ఒక్క ప్రాజెక్టే రాష్ట్ర స్థాయికి పోతుంది. అది ఈసారి వరంగల్లో. బస్సులో జేబా నన్ను మూడుసార్లు అడిగింది, "మనం వరంగల్ పోతమా సార్?" అని.

లోపల స్టాళ్లన్నీ తిరిగొచ్చాక పోతామనే అనిపించింది. అగ్నిపర్వతాలే ఆరున్నాయి. ఆరూ ఒకే సోడాతో ఒకే రకంగా పొంగుతున్నాయి. ఒకదాని అడుగున హైదరాబాదు దుకాణం ధర చీటీ కూడా అలాగే ఉంది. దాని పక్కన నిలబడ్డ టీచరు "మా పిల్లలే చేసిన్రు" అని చెబుతున్నాడు, సిగ్గు లేకుండా.

రాకెట్ల వంతు మధ్యాహ్నం. మైదానంలో న్యాయనిర్ణేత నిర్మలమ్మగారు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి, కుర్చీలో కూర్చున్నారు. ఒక విలేకరి కెమెరాతో తిరుగుతున్నాడు. ఒక్కొక్కరికి ఒక్కటే అవకాశం. జేబా రాకెట్‌ను స్టాండు మీద పెట్టింది. అప్పుడు చూశాను. రాకెట్ కొసన, ఇంకో సీసా కోసి తొడిగిన ప్లాస్టిక్ టోపీ లోపల, పచ్చటి నిమ్మకాయ.

నా నెత్తురు ఉడికిపోయింది. నా బడి నుంచి, నా సంతకంతో వచ్చిన రాకెట్‌కు దిష్టి నిమ్మకాయ!

"గిదేంది జేబా?"

"నిమ్మకాయ సార్."

"అది నాక్కూడ కనవడ్తాంది. తియ్."

"వద్దు సార్. తీస్తే తలకిందులైతది."

ముందు నవ్వింది నేనే. తర్వాత మైదానమంతా నవ్వింది. "ఇన్నరా? నిమ్మకాయ తీస్తే అంత తలకిందులైతదట! తొమ్మిదో తరగతి సైన్సు పిల్ల గీమె!" అని అందరికీ వినబడేలా అన్నాను.

"సార్, జర ఇనుండ్రి, అది..."

"నోరు ముయ్యి."

టోపీ ఊడదీసి నిమ్మకాయ బయటికి తీశాను. బ్లేడుతో కోశాను. ఎవరో గ్లాసుతో నీళ్లందించారు. పిండుకుని, విలేకరి వైపు తిరిగి, గటగటా తాగాను. చప్పట్లు కొట్టారు. జేబా కిందికి వంగి నేల మీద ఏదో వెతుకుతోంది. అలిగిందనుకున్నాను. "టైమయితాంది, కానియ్యి బిడ్డా" అన్నారు నిర్మలమ్మగారు. ఆ పిల్ల ఖాళీ టోపీని తొడిగి, పంపు దగ్గరికి పోయింది.

బిరడా ఊడిన చప్పుడు బాగానే వచ్చింది. రాకెట్ కరెంటు స్తంభం ఎత్తుకు లేచింది. అక్కడ తల వాల్చింది. గిర్రున పల్టీలు కొడుతూ నీళ్లన్నీ జనం మీద చిమ్మి, శామియానా పక్కన మట్టిలో పడింది. పిల్లలు ఈలలు వేశారు.

"ఎందుకు తిరగబడ్డదో చెప్పగల్గుతవా?" అని నిర్మలమ్మగారు అడిగారు.

"కొసకు బరువు లేదు మేడం. బరువు ముందట ఉంటెనే సక్కగ పోతది. లేకుంటె తలకిందులైతది."

"మరి తెల్సి కూడ పెట్టలేదా?"

జేబా నా చేతిలో గ్లాసు వైపు చూసింది. అందులో అడుగున గింజలున్నాయి.

నిర్మలమ్మగారు ఏదో రాసుకుని ముందుకు పోయారు. నేను జేబా నోట్‌బుక్ తీసుకుని శామియానా వెనక్కి వెళ్లి చదివాను. ఇరవై మూడుసార్లు ఎగరేసింది. అన్నీ తేదీలతో సహా రాసింది. బరువు లేకుండా: పల్టీ కొట్టింది. మట్టి ముద్ద: ఎండి రాలిపోయింది. రాయి: సక్కగ పోయింది, కానీ ఎవరి నెత్తి మీదన్న పడితే పగుల్తది. నిమ్మకాయ: టోపీలో సరిగ్గ పట్టింది, సక్కగ పోయింది, మీద పడ్డా దెబ్బ తగలదు. ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకుతో నా సంతకం ఉంది. ఒక్క పేజీ కూడా నేను చదవలేదు.

ఫలితాలు నాలుగింటికి. అప్పుడు మూడున్నర. నిర్మలమ్మగారు ఇరవై అడుగుల దూరంలో చాయ్ తాగుతున్నారు. పోయి, "నిమ్మకాయ బరువు కోసం పెట్టింది, తీసింది నేను, ఇంకొక్క అవకాశం ఇవ్వండి" అంటే సరిపోయేది. మూడు ముక్కలు. ఇంతలో విలేకరి వచ్చి ఫోటో కింద వేయడానికి నా పేరు, హోదా అడిగాడు. పేరు రాసిచ్చాను. హోదా కూడా రాసిచ్చాను. అరగంట గడిచిపోయింది. గుర్వయ్యగారిని నేను ఇన్నేళ్లు వెక్కిరించాను కానీ, ఆయన తన నిమ్మకాయతో ఏ పిల్ల నోటి దగ్గరి కూడూ లాక్కోలేదు.

ధర చీటీ ఉన్న అగ్నిపర్వతం వరంగల్ పోయింది.

గేటు బయట నదీం లేచి నిలబడి నాకు సలాం చేశాడు. కూతురి మొహం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. పంపు అందుకుని భుజాన వేసుకున్నాడు. "మాఫ్ చేయుండ్రి సార్, మీరు ఇంత కష్టపడి నేర్పిస్తిరి" అని నాతో అని, కూతురి వైపు తిరిగి మందలించాడు. "సార్ చెప్పిన మాట ఇని ఉండవ్. గందుకే గిట్లయింది."

జేబా వాళ్ల నాయినను అబ్బా అంటుంది, ఆయనతో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుతుంది. ఇంట్లో, దుకాణంలో, బస్సులో కూడా. ఈసారి మాత్రం, నాకు అర్థం కావాలని, తెలుగులో చెప్పింది.

"ఇన్న అబ్బా. ఇన్నందుకే గిట్లయింది."