పక్క గదిలో సాయం

ఆ ఉదయం అతని చేతిలో ఉన్నదల్లా చెమట పట్టిన ఒక చిన్న చెయ్యి. బడి వీధి మలుపు తిరిగేసరికి అది బిగుసుకుంది. ఏడుపుకు ముందు వచ్చే బిగింపు అది.

బకెట్లు, మగ్గులు, మూతల డబ్బాలు అమ్మే తన కొట్టును ఆ పూటకి బావమరిదికి అప్పగించి వచ్చాడు. బావమరిది మొహమాటస్తుడు, అడిగినవాళ్ళకల్లా తగ్గించి ఇచ్చేస్తాడు. ఆ నష్టానికి అతను ముందే సిద్ధపడ్డాడు. అంతకన్నా పెద్ద బేరం బడిలో ఉంది. చేరిన రోజు నుంచి పాప గేటు దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఏడుస్తూనే ఉంది. "ఈ వారం కూడా ఇలాగే ఉంటే వచ్చే ఏడాది చూద్దామండీ" అని టీచరు మెత్తగా చెప్పింది. సోమవారం భార్య కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇంట్లో పాపను చూసుకునే మనిషి లేదు. తల్లిదండ్రులు ఎవరైనా ఒక పూట సాయానికి రావచ్చని బడివాళ్ళు అన్నప్పుడు భార్య ఇతన్నే తోలింది.

"మిమ్మల్ని చూస్తే అదే కుదురుకుంటుంది. మీరు మాత్రం ఆ టీచర్లకి బకెట్లు అంటగట్టకండి, చాలు."

తీరా వచ్చాక టీచరు పాపను తలుపు మీద పావురాల బొమ్మ ఉన్న గదిలోకి పంపి, అతనికి పక్కనే చిలకల బొమ్మ ఉన్న గది చూపించింది.

"మా అమ్మాయి అటు కదండీ."

"అందుకే మీరు ఇటు. కన్నవాళ్ళు కనబడితే పిల్లలు అసలు కుదురుకోరు. సాయానికి వచ్చినవాళ్ళని ఎప్పుడూ పక్క గదిలోనే వేస్తాం."

తన సరుకు పొరుగువాడి కొట్లో వదిలి, పొరుగువాడి కొట్లో తను కూర్చోవడం ఏం వ్యాపారమో అతనికి అర్థం కాలేదు. జానెడు ఎత్తు కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. గదంతా జిగురు వాసన, తడి రంగుల వాసన. రెండు జడల పిల్ల ఒకతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వు ఎవరి నాన్నవి?"

"పక్క గదిలో పాప నాన్నని."

"మరి ఇక్కడెందుకున్నావు?"

కొట్లో అయితే మెట్టెక్కే మనిషి నడకను బట్టే ఏం కావాలో చెప్పగలడు. ఇక్కడ ఒక్కరి సంగతీ అంతుపట్టలేదు. ఎర్ర రంగు అడిగిన పిల్లాడికి ఎరుపు ఇస్తే విసిరికొట్టాడు. పక్కవాడి దగ్గరున్న ఎరుపే కావాలట.

గోడవతల పాప ఏడుస్తోంది. అన్ని గొంతుల్లోనూ ఆ ఒక్క గొంతు అతనికి విడిగా వినిపిస్తోంది. లేవబోయాడు.

"కూర్చోండయ్యా," అంది ఆయా, కింద ఒలికిన రంగు తుడుస్తూ. "మీరు కనబడితే మళ్ళీ మొదటికొస్తుంది."

కూర్చున్నాడు. చిన్నప్పుడు తను ఇలా ఏడ్చిన గుర్తు లేదు. తనని ఎవరూ ఎక్కడా వదిలిపెట్టలేదు. తండ్రి కొట్లో బల్ల కింద మూతలతో ఆడుకుంటూ పెరిగాడు. తండ్రి పోయాక బల్ల కింద నుంచి లేచి బల్ల వెనక కూర్చున్నాడు. జీవితంలో అతను చేసిన ప్రయాణం ఆ బల్ల ఎత్తే.

కాసేపటికి గోడవతల ఏడుపు ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాడు. తర్వాత ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. నిద్రపోయిందా, అలిసిపోయిందా, జ్వరమొచ్చిందా? ఆయాను అడుగుదామంటే మళ్ళీ కూర్చోమంటుంది.

అప్పటిదాకా తలుపు వైపు తిరిగి చప్పుడు లేకుండా కన్నీళ్ళు కారుస్తున్న బొద్దు పిల్లాడొకడు వచ్చి, అడగకుండానే అతని ఒళ్ళోకి ఎక్కాడు. జేబులోంచి కళ్ళజోడు పెట్టె లాక్కున్నాడు. తెరవడం, మూయడం, ఠక్కుమంటే నవ్వడం. అలా చేస్తూ చేస్తూ అతని చొక్కాకి ముక్కు రాసి నిద్రపోయాడు. వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు తిమ్మిరెక్కి వరండాలోకి వచ్చాడు.

పావురాల గదిలోంచి ఒకావిడ బయటికి వచ్చింది. వీధి చివర టైలరింగ్ చేసే మనిషి.

"చిలకల్లో మావాడున్నాడు, బొద్దుగా ఉంటాడు. ఏడ్చాడా అండీ?"

"కొంచెం. తర్వాత నా చొక్కాతో ముక్కు తుడుచుకుని పడుకున్నాడు. మా అమ్మాయి?"

"నన్ను రెండుసార్లు కొరికింది లెండి," అని ఆవిడ చెయ్యి చూపించి నవ్వింది. "తర్వాత నా వేలు వదల్లేదు."

ఇంతలో పిల్లలు చేతులు కడుక్కోవడానికి వరసగా వచ్చారు. వరసలో పాప ఉంది. ముందున్న పిల్ల గౌను పట్టుకుని ఏదో పాడుతోంది. అతన్ని చూసి ఆగింది.

"ఎందుకొచ్చావు నాన్నా? ఇంకా బెల్లు కొట్టలేదు కదా."

వరస కదిలింది. పాప కూడా కదిలింది.

"కుదురుకుందండీ," అంది వెనకే వచ్చిన టీచరు. "ఇక వచ్చే ఏడాది మాటే లేదు. మీరు వెళ్ళొచ్చు, రేపు రానక్కర్లేదు."

గేటు దాటాక లెక్క చూసుకున్నాడు. అడిగింది దక్కింది. సోమవారం భార్య నిశ్చింతగా వెళ్ళొచ్చు. పాప ఏడవదు. ఇంత మంచి బేరం తన జన్మలో కుదరలేదు. అయినా కొనుక్కున్నవాడిలా కాక అమ్మేసుకున్నవాడిలా ఎందుకు నడుస్తున్నాడో అతనికి తెలియలేదు.

మసకబారిన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టె కోసం జేబు తడిమాడు. వెనక్కి వెళ్ళలేదు. చిలకల గదిలో, చాప మీద, నిద్రలోనూ సడలని బొద్దు గుప్పిట్లో అది సగం తెరుచుకుని ఉంది.