నల్లగుడ్డ మీద తెల్లచుక్క

రోట్లో గుమ్మడి గింజలు మెత్తగా నలిగేదాకా కిష్టవ్వ నూరుతూనే ఉంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఆ చిన్న దవాఖానలో ఏళ్ల తరబడి ఆమెకు రెండే పనులు. పొద్దున గింజలు నూరడం, మధ్యాహ్నం రోగి కడుపులోంచి పడినదాన్ని నల్లగుడ్డలో వడకట్టి బద్దెపురుగు తల వెతకడం. ఆ రెండో పని మాటెత్తితే ఇంట్లో కోడలు అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

పురుగు మూరల కొద్దీ పడినా లాభం లేదు. ఆవగింజంత తల లోపల ఉండిపోతే మళ్లీ పెరుగుతుంది. ఒట్టి మాత్రలతో కొందరికి నయం కావడం లేదని డాక్టర్ వామన్‌రావు వాటికి గింజల ముద్దను జతచేసి చూస్తున్నాడు. పెద్ద డాక్టరుకు ఇది మొదటినుంచీ నచ్చలేదు. ఇంకొక్కసారి ఫెయిలైతే గింజలు బంద్ అన్నాడు.

ఫెయిలైన మనిషి బెంచీ మీదే కూర్చున్నాడు. స్టేషన్‌లో మూటలు మోసే బీరయ్య. ఎండాకాలంలో వచ్చినప్పుడు తల పడిపోయిందని కిష్టవ్వే చెప్పింది. వానలు ఆగకముందే దవడలు పీక్కుపోయి తిరిగొచ్చాడు. కొంతకాలంగా కళ్ల ముందు పొగ కమ్ముతోంది, ఎవరికీ చెప్పలేదు. ఆనాడు తను చూసింది తల కాదేమో, నలగని గింజ పొట్టేమో!

బీరయ్య ముద్ద మింగాడు, మాత్రలు నమిలాడు, కడుపు జాడించే జులాబు తాగాడు. మధ్యాహ్నం తొట్టి దగ్గర కిష్టవ్వ గుడ్డ పరిచి, నీళ్లు పోసి, కడిగి, మళ్లీ కడిగింది. నల్లగుడ్డ నిండా తెల్లచుక్కలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"బీరయ్యా, గీడికి రా. జర నువ్వే సూడు."

"ఛీ, నేనెందుకవ్వా? ఎప్పుడు నువ్వే సూస్తవు గద!"

"నాకు కనబడ్తలేదు బిడ్డా."

అతను ముక్కు మూసుకుని వంగాడు. వేలితో ఒక్కొక్కటే జరిపాడు. "గిది పొట్టు... గిది గూడ పొట్టే..." సన్నటి దారం లాంటి మెడ ఉన్న చుక్క దగ్గర వేలు ఆగింది.

వామన్‌రావు కిష్టవ్వ గాజుపలక మీద తెచ్చిన ఆ చుక్కను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"తలే! నీ కండ్లే కండ్లు కిష్టవ్వా. కాని పోయినసారి ఎందుకు ఫెయిలైందో పెద్దసారుకు ఏం జెప్పాలె?"

ఊరుకుంటే ఉద్యోగం నిలిచేది. ఊరుకుందామనే అనుకుంది కూడా.

"తప్పు మందుది గాదు సారూ. పోయినసారి పొట్టును సూసి తలన్న, మీరు మందు ఆపిన్రు. నా కండ్లు పోయినయ్. ఇయ్యాల సూసింది బీరయ్య. రేపట్నుంచి నేను రాను."

వామన్‌రావు భూతద్దం బల్ల మీద పెట్టేశాడు.

"అయితే గిన్నిదినాలు గది నా కడుపుల పెరిగింది నీ మాట పట్టుకునేనా అవ్వా?" అన్నాడు వెనకే వచ్చిన బీరయ్య.

ఆమె సిగ్గుతో తల వంచుకుని తొట్టి దగ్గరకెళ్లి గుడ్డ ఉతికింది, పిండింది, తీగ మీద ఆరేసింది. అంచులు సరిచేసి, శుభ్రమైందని తృప్తిపడి, ఆబిడ్స్ వైపు బస్సు కోసం వెళ్లిపోయింది.

నల్లగుడ్డ గాలికి మెల్లగా కదులుతోంది. దాని నడుమ ఒక గింజ పొట్టు తెల్లగా అంటుకునే ఉంది.