రెండు పాటల తర్వాత

శైలేందర్ ఆల్బం గురువారం నాడు విడుదలైంది. విడుదల అంటే పెద్ద మాట. కామారెడ్డిలో తాను పనిచేసే మొబైల్ షాపులో కౌంటర్ వెనక నిలబడి ఫోన్‌లో ఒక మీట నొక్కాడు, అంతే. ఆరు పాటలు. పేరు ‘ఎల్లారెడ్డి ఆఖరి బస్సు’. రాసింది, పాడింది, వాయించింది, అట్ట మీద బొమ్మ గీసింది అన్నీ తనే. కంపెనీ లేదు, నిర్మాత లేడు, వద్దని చెప్పేవాడూ లేడు.

అది ఏం సంగీతమో ఎంత చెప్పినా సొంతూరు ఎల్లారెడ్డిలో ఎవరికీ ఎక్కలేదు. నలభై ఏళ్ల కిందట కీబోర్డులు కొత్తగా వచ్చినప్పటి మెరుపు చప్పుళ్లు, రేకుడబ్బా మీద కొట్టినట్టుండే డ్రమ్ములు, వాటి మీద ఒక దిగులు గొంతు. సింథ్‌పాప్ అంటారని చెప్తే, షేర్ ఆటోలో పక్కన ఇరుక్కుని కూర్చున్న దోస్తు భీమేష్ “అంటే డీజేనే గద?” అన్నాడు. అలాంటి చోట అలాంటి పాటలు కట్టాలంటే మొండితనం కావాలి. శైలేందర్‌కు అది పుట్టెడుంది. మూడేళ్లు ఆ పని మీదే పడి చచ్చాడు.

పాత శబ్దం రావాలంటే పాత సామానే కావాలని వాడి పట్టుదల. ఇంట్లో అటక మీద తండ్రి బాలనర్సయ్య సౌదీ నుంచి పంపిన టేప్‌రికార్డర్ ఉంది. వీడికి రెండేళ్లప్పుడు ఆయన అక్కడే, కడుతున్న భవనం మీది నుంచి పడి చనిపోయాడు. నెలన్నరకు శవపేటిక వచ్చింది. వీడికి తెలిసిన తండ్రి గోడ మీది ఫొటోయే. ఆ టేప్‌రికార్డర్ మూలపడి పదిహేనేళ్లు. కామారెడ్డిలో పాత రేడియోలు బాగుచేసే సాయిలు దాన్ని మళ్లీ తిరిగేలా చేసిచ్చాడు. కంప్యూటర్‌లో చేసిన పాటను ముందు క్యాసెట్ మీదికి ఎక్కించి, అక్కడి నుంచి మళ్లీ కంప్యూటర్‌లోకి దించితే పాట కాస్త మెత్తబడుతుంది, కాస్త వణుకుతుంది. ఆ వణుకు కోసమే ఇంత తిప్పలు.

అటక మీది సంచిలో ఇరవై దాకా సినిమా పాటల క్యాసెట్లున్నాయి. కొట్లో కొన్నవాటికి పైన చిన్న బిళ్ల విరిచి ఉంటుంది కాబట్టి వాటి మీద రికార్డు కాదు. ఆకుపచ్చ అట్టదానికి ఒక్కదానికే బిళ్ల ఉంది. పెట్టి విన్నాడు. ఒక సినిమా పాట, దాని వెనక ఇంకోటి. రెండోది సగంలో ఆపి, వెనక్కి తిప్పి, తన ఆరు పాటలూ దాని మీద ఎక్కించేశాడు. ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆదివారం మధ్యాహ్నం తల్లి లక్ష్మీనర్సమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“నీ పని అయిపోయిందా శైలూ?”

“అయిపోయిందే అవ్వా.”

“అయితే ఆ టేపు నాకు జర పెట్టియ్యి. నువ్వు బయటికి పోయినంక నేనొక్కదాన్నే ఇంట.”

యాభై దాటిన మనిషి, చెప్పి తల దించుకుని నవ్వుకుంది. శైలేందర్‌కు కడుపు నిండినట్టయింది. “నా పాటలా?” అన్నాడు.

“నీయి తర్వాత ఇంట తియ్యి. ఆ సంచిల ఆకుపచ్చ అట్టది ఒకటుంటది. అది గావాలె.”

“అండ్ల సినిమా పాటలే గదనే.”

“రెండే పాటలు. రెండు పాటల తర్వాత మీ బాపు మాట్లాడుతడు.”

శైలేందర్ చప్పున తన భుజం సంచి దగ్గరికి లాక్కున్నాడు.

ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఉత్తరాలు క్యాసెట్ల మీదే వచ్చేవి. సెలవు మీద వచ్చినవాళ్లు తెచ్చిస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు, అందరికంటే ముందు అత్త. అందులో మొగుడు పెళ్లానికి చెప్పుకునేదేముంటుంది? అందుకని బాలనర్సయ్య ఒక ఉపాయం చేశాడు. వేరే క్యాసెట్‌లో ముందు రెండు సినిమా పాటలు ఎక్కించి, ఆ వెనక భార్యతో మాట్లాడి పంపాడు. ఎవరైనా మీట నొక్కినా పాటలే వినపడతాయి. ఆమె కూడా దాన్ని సినిమా పాటల్లోనే కలిపి దాచింది. టేప్‌రికార్డర్ చెడిపోయాక ఇంకొకరింటికి పట్టుకుపోయి వినలేదు, సిగ్గు. క్యాసెట్టయితే ఉంది కదా అన్న ధైర్యంతోనే పదిహేనేళ్లు నెట్టుకొచ్చింది. టేప్ మళ్లీ తిరుగుతుంటే కూడా, కొడుకు పని కానిమ్మని మూడు నెలలు నోరు కట్టుకుని కూర్చుంది.

“అది కామారెడ్డిల ఉందవ్వా, రేపు తెస్త,” అన్నాడు శైలేందర్. క్యాసెట్ వాడి సంచిలోనే ఉంది.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి సాయిలు దుకాణం ముందు దిగాడు. సాయిలు క్యాసెట్ అంతా విని తల అడ్డంగా ఊపాడు.

“మీద కొత్తది పడ్డంక కిందిది పోయినట్టే బిడ్డా. తీసుడు ఎవ్వనితోని గాదు.”

“ఏదన్న చెయ్యి కాకా, నీ కాళ్లు మొక్కుత.”

“నీ టేపు మిషన్ అరిగిపోయినది. పాతదాన్ని పూరా తుడ్వలే. నీ పాట లేని కాడ జరంత మిగిలింది, ఇగో ఇను.” రెండో పాటకూ మూడో పాటకూ నడుమ ఐదారు క్షణాల ఖాళీలో ఏదో గొణుగు. మిగతా పాటలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

ఆ గొణుగు శైలేందర్‌కు తెలుసు. శుక్రవారం నాడు ఎక్కడో దూరదేశం నుంచి ఒకాయన, రెండు పాటల మధ్యలో ఆ దూరపు గొంతు ఎలా పెట్టావు, ఒళ్లు జలదరించింది అని రాశాడు. పాత టేపు మాయ అని జవాబిచ్చి, నవ్వు బొమ్మ కూడా పెట్టాడు తను. అది గుర్తొచ్చి దుకాణం మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టి ఉంటే వాడికి కొంత తేలికయ్యేది. చాట పక్కన పెట్టి, “ఉన్నకాడికి పెట్టు,” అంది.

రెండో పాట చివరికి తిప్పి మీట నొక్కాడు. బుస్సుమని చప్పుడు. అందులోంచి, బావి అడుగు నుంచి పలికినట్టు ఒక మగ గొంతు.

“...ఇప్పుడే తిన్న. పప్పే. నువ్వు తిన్నవా?”

“తిన్న,” అంది లక్ష్మీనర్సమ్మ.

వెంటనే మూడో పాట డ్రమ్ములు దడదడా మోగాయి. ఆమె ఉలిక్కిపడి గుండె మీద చెయ్యేసుకుంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ తిన్నానంది, మళ్లీ ఉలిక్కిపడింది. నాలుగోసారి మాత్రం డ్రమ్ములు మోగినా ఆపనివ్వలేదు. కళ్లు మూసుకుని, ఆ మోతలోనే, ఆయన మాటలు ఆయన చెప్పినట్టే అప్పజెప్పసాగింది.

“పనికి పోయేముందు తినాలె, లేకుంటె నామీద ఒట్టే. మా అవ్వ ఏమన్నా మనసుల వెట్టుకోకు. నేను లేనని పూలు వెట్టుకునుడు మానకు, నాకు కలల అట్లనే కనవడ్తవు...”

ఒక్క మాట తడబడలేదు. పాట సగానికొచ్చాక ఆగిపోయింది.

“ఇగ ఆడికెల్లి నీతోని మాట్లాడిండు,” అంది.

“నాతోనా?”

“నీతోనే. అప్పుడు నీకు ఏడాదిన్నర. పెద్దగైనంక ఇనిపియ్యుమన్నడు. ముంగట నాకు చెప్పిన మాటలాయె, సిగ్గయి పెట్టలే. నీ లగ్గమైనంక నీ చేతిల వెడ్దామనుకున్న.”

శైలేందర్ ఆమె దగ్గరికి జరిగాడు. “ఏమన్నడవ్వా?”

ఆమె చాలాసేపు ఆలోచించింది. నుదురు చేత్తో రుద్దుకుంది. మూడో పాట అయిపోవచ్చింది.

“యాదికస్తలేదు బిడ్డా. నాయి నేను నేర్చుకున్న. నీయి నువ్వే ఇంటవు గద అని ఇడ్సిపెట్టిన.”

టేపులో నాలుగో పాట మొదలై, శైలేందర్ గొంతు తన మానాన పాడుకుంటూ పోయింది.