చేతులు కాలకముందే గ్లౌజులు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలు హ్యాండిలు పట్టుకోవడమూ, పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించడమూ ఒకటే. గిన్నె అయితే మధ్యలో వదిలేయొచ్చు. హ్యాండిలు వదిలేస్తే మనల్నే దించుతారు, నలుగురూ కలిసి.

నా బండి పాతది. స్టార్టు చేయగానే ముందు తను వణుకుతుంది, తర్వాత నన్ను వణికిస్తుంది. ఇంటి నుంచి సెలూనుకు చేరేసరికి అరచేతులు పెనం మీద రొట్టెల్లా ఉంటాయి, వేళ్ళలో చీమలు బారులు తీరి ఉంటాయి. ఇన్నేళ్ళూ బండి స్టాండు వేసి చేతులు గట్టిగా విదిలిస్తే ఆ చీమలు దులిపినట్టు పోయేవి. ఈ ఏడు పోవడం మానేశాయి. తిమ్మిరి మొదట చుట్టపుచూపుగా వచ్చింది, తర్వాత అద్దెకు దిగింది, ఇప్పుడు ఇల్లు తనదే అంటోంది. ఒక్క మేలు మాత్రం జరిగింది. హ్యాండిలు మునుపటిలా కాలడం లేదు. ఈసారి ఎండలు కాస్త నయమేమో అనుకున్నాను.

మాది రెండు కుర్చీల సెలూను. ఒక కుర్చీ నాది, రెండోది మా బామ్మర్దిది. మా ఆవిడకు తమ్ముడు, నాకు వెనక సీటు. రోజూ నా బండి మీదే వస్తాడు, నా బండి మీదే వెళ్తాడు. వాడు నోరు విప్పడు, నేను మూయను. వాడి కుర్చీ ఖాళీగా ఉన్నా నా కుర్చీ కోసం కాచుకునేవాళ్ళు ఉన్నారు. నాకు వాళ్ళు పెట్టిన పేరు ‘మాటలాయన’. గడ్డం అరగంటలో పని, మాటలు కొసరు. కొసరు కోసం వచ్చి అసలు చేయించుకుపోయేవాళ్ళే ఎక్కువ.

అయితే గడ్డం గీయడమంటే నోటితో చేసే పని కాదు. కంటితో చేసేది కూడా కాదు. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని లాగి పట్టాలి. ఎంత లాగాలో వేలికే తెలుస్తుంది. కుడిచేతిలో కత్తి వెంట్రుక మీద నడుస్తోందా, చర్మం మీద నడుస్తోందా అన్నదీ వేలికే తెలుస్తుంది. కంటికి తెలిసేసరికి నురగ ఎర్రబడుతుంది.

పోస్టాఫీసు పెద్దాయన గడ్డం గీస్తుంటే అదే జరిగింది. ఆయన కుర్చీలో కూర్చోగానే నిద్రపోతారు. నేను చెవి కింద కత్తి ఆడిస్తూ, వెనక బెంచీ మీదివాళ్ళకు ఏదో చెప్తున్నాను. వాళ్ళు నవ్వుతున్నారు. నవ్వుతున్న వాళ్ళలో ఒకడు నవ్వు ఆపి అద్దంలోకి చూశాడు. నేనూ చూశాను. తెల్లటి నురగలో గులాబిరంగు గీత, కిందికి దిగుతూ ఎర్రబడుతోంది. నా వేళ్ళకు ఏ కబురూ అందలేదు.

గుండె ఝల్లుమనాలి. అనలేదు. ఎవరో వేరేవాడి చేతిని చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. బామ్మర్ది తన కుర్చీ దగ్గర నుంచి వచ్చి, పటికముక్క తడిపి గాటు మీద అదిమి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. పెద్దాయన నిద్ర లేవలేదు. నా నోరు మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంది. అలవాటు పడ్డ నోరు, దానికి మనిషి అక్కర్లేదు.

షట్టరు దించాక వాడు అడిగాడు.

“చెయ్యెలా ఉంది బావా?”

“భుజానికి అతుక్కునే ఉంది.”

“డాక్టరుకి చూపిద్దాం.”

“డాక్టరు చెయ్యి పట్టుకుంటే వదలడురా. ఇదంతా బండి దెబ్బ. వణుకు, వేడి. మెత్తటి గ్లౌజులు ఓ జత కొంటే సర్దుకుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు మీ బావ. కాలకముందే గ్లౌజులు పట్టుకుంటాడు.”

వాడు తాళం వేసి లేచి నిలబడ్డాడు. “రేపు సెలవే కదా. వెళ్ళి కొందాం.”

కత్తి పట్టలేనివాడు సెలూనులో ఏం చేస్తాడన్న ప్రశ్న ఆ రాత్రి నాకు రావాల్సింది. రాలేదు. గ్లౌజుల గురించే ఆలోచించాను. గ్లౌజులు దొరికితే చెయ్యి దొరికినట్టే.

పొద్దున మా ఆవిడ టీ ఇచ్చింది. గ్లాసు అందుకుని, హాల్లోకి నడిచి, కూర్చుని, పేపరు తిరగేశాను.

“ఏమండీ, ఆ గ్లాసు అంచు పట్టుకోండి. కాలట్లేదా మీకు? నేను కొంగుతో పట్టుకొచ్చాను.”

“నీ చేతి టీ కదా, చల్లగా ఉంది.”

ఆవిడ నవ్వలేదు. “గ్లౌజులకి డబ్బు దండగ చేయకండి. నా గిన్నెలు తోముకునేవి ఉన్నాయి, తొడుక్కెళ్ళండి. రోడ్డు మీద అందరూ మీరు ఆపరేషను చేసి వస్తున్నారనుకుంటారు.”

“రోజూ చేస్తున్నది అదేగా,” అన్నాను. తలుపు దగ్గర చెప్పులేసుకుంటున్న బామ్మర్ది నా వైపు చూశాడు. పోస్టాఫీసు పెద్దాయన సంగతి ఆవిడకు వాడు చెప్పలేదన్నమాట.

ముందుగా ఒక పెద్ద షోరూముకు వెళ్ళాం. లోపల చల్లగా ఉంది. తెల్లటి ప్లాస్టరు చేతులకు నల్లటి గ్లౌజులు తొడిగి వరసగా నిలబెట్టారు, లొంగిపోయిన సైన్యంలా. సేల్సుమాన్ ఒక జత తీసి, పిడికిలి మీద గట్టి చిప్ప, వేళ్ళ మీద గాలి రంధ్రాలు, వేలి చివర ఫోను నొక్కుకునే గుడ్డ, అన్నీ చూపించి ధర చెప్పాడు.

“బాబూ, ఈ ధర గ్లౌజులకేనా, లోపలి చేతులతో కలిపా?”

అతను పడిపడి నవ్వాడు. నవ్వినవాడు ధర తగ్గించడు, అదో లెక్క. బయటపడ్డాం.

పేవ్‌మెంటు మీద ఒకాయన చలికాలంలో మిగిలిపోయిన ఉన్ని గ్లౌజులు సగం ధరకు ఇస్తానన్నాడు. ఈ ఎండలో అవి తొడుక్కుంటే మన చేతులు మనకే ఉడికి దొరుకుతాయి. ఉప్పు చల్లుకోవడమే తరువాయి. ఆ మాటే ఆయనతో అంటే, “పెద్దాయనా, చౌకగా కావాలంటే సీటు కవర్ల సందులోకి పో,” అని చెయ్యి చూపించాడు.

ఆ సందంతా రెక్సిను వాసన. బండి సీట్లు, టైర్లు, హెల్మెట్లు. చివరి కొట్లో ఒకావిడ కుట్టుమిషను వెనక కూర్చుని ఉంది. కౌంటరుకు ఒక పాత హ్యాండిలు ముక్క బిగించి ఉంది, క్లచ్చు బ్రేకులతో సహా. గ్లౌజులు తొడుక్కుని దాన్ని పట్టి చూసుకోవాలట.

“ఎండకా, వానకా?”

“ఎండకమ్మా.”

“అయితే పైన జాలీ ఉన్నవి తీసుకోండి.”

“నా మీద జాలి ఉన్నవేనా?”

“పొద్దుట్నుంచి ఆ మాట అన్నది మీరు మూడోవారండీ,” అంది దారం తెంపుతూ. వృత్తిలో మనకు పోటీ ఎక్కువైంది.

ఆవిడ ఒక జత ముందు పెట్టింది. పైన సన్నటి వల, అరచేతి వైపు పల్చటి తోలు, తోలు కింద మెత్తటి దిండ్లు. వేళ్ళు ముందే కాస్త వంచి కుట్టారు, హ్యాండిలు పట్టుకోవడం గ్లౌజులకు పుట్టుకతోనే వచ్చినట్టు. ధర మా సెలూనులో నాలుగు గడ్డాలకు సమానం. నా ముఖం చూసి, బేరం ఆడనని ఆవిడకు అర్థమై ఉంటుంది. తొడుక్కున్నాను.

“హ్యాండిలు పట్టుకోండి. గట్టిగా. వేళ్ళ సందున నొక్కుతోందా?”

“లేదమ్మా.”

“బొటనవేలి మొదట్లో కుట్టు గుచ్చుకోవట్లేదూ?”

“హాయిగా ఉంది. పుట్టినప్పుడే తొడిగి పంపినట్టుంది.”

ఆవిడ మిషను మీద నుంచి చేతులు తీసేసింది. “అదేంటండీ. నేనిచ్చింది మీకో సైజు చిన్నది. మొదట చిన్నదే ఇస్తాను. ఎక్కడ పట్టేస్తోందో మనిషే చెప్తాడు, దాన్నిబట్టి సరైనది తీస్తాను. మీకు ఇది పట్టేయాలే.”

నేను చేతుల వైపు చూశాను. వేళ్ళ సందుల్లో తోలు తెల్లబడేంతగా సాగి ఉంది. జోకు వేయడానికి నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. బామ్మర్ది నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ వదులు చేస్తూ గ్లౌజు లాగేశాడు. బొటనవేలి మొదట్లో కుట్టు అచ్చు దిగి ఎర్రగా ఉంది. చివర్న చర్మం లేచిపోయింది కూడా.

“బావా, అటు చూడు.”

వీధి వైపు చూశాను. ఎవరో టైరులో గాలి కొట్టిస్తున్నారు.

“ఏ వేలు పట్టుకున్నాను?”

“ఉంగరం వేలు.”

“నేనింకా పట్టుకోలేదు బావా.”

కొట్టావిడ తల వంచుకుని సరైన సైజు వెతకడం మొదలుపెట్టింది. వెతకడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపే వెతికింది.

గ్లౌజులు కొన్నాం. తొడుక్కున్నాను కూడా. బండి దగ్గరకు వచ్చాక వాడు చెయ్యి చాపాడు.

“తాళం ఇవ్వు.”

“నీకు ఈ బండి లొంగదురా.”

“ఇవ్వు బావా.”

నా బండికి వెనక సీటు కూడా ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. గాలి ఆడే కొత్త గ్లౌజులతో, పట్టుకోవడానికేమీ లేని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడవునా వాడి మెడ వెనక జుట్టు చూశాను. నేను కత్తిరించినదే. వంకరగా ఉంది.

వాడు ఇంటికి వెళ్ళలేదు. సెలూను ముందు ఆపి, షట్టరు సగం ఎత్తి, లోపలికి దూరాడు. నేను దూరేసరికి నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ తువ్వాలుతో.

“గియ్యి.”

“పొద్దున గీసుకున్నావుగా.”

“గీసుకోలేదు. నువ్వు గీయగలిగితే ఈ సంగతి అక్కకి చెప్పను, ఎవరికీ చెప్పను. నీ కుర్చీ నీదే. గియ్యి బావా.”

గ్లౌజులు తీసి అద్దం ముందు పెట్టాను. బ్రష్షు తడిపి నురగ పట్టించాను. అది కంటితో చేసే పనే. కొత్త బ్లేడు ఎక్కించాను, అదీ అంతే. ఎడమచేతి వేళ్ళు వాడి దవడ కింద పెట్టాను. పెట్టినట్టు అద్దంలో కనపడింది. వాడు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. గొంతు దగ్గర నరం కొట్టుకుంటోంది. అది చూశాను. దాని మీదే నా వేళ్ళున్నాయి, అయినా చూశానంతే.

కత్తి మొద్దుబారితే మార్చేస్తాం. బ్లేడు తీసి పారేసి కొత్తది పెడతాం, ఎవరూ బాధపడరు. నేనూ బాధపడలేదు. ఆ నరాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

“నురగ ఆరిపోతోంది బావా.”

“ఆరనీ.”

కత్తి కింద పెట్టాను. ఆ చప్పుడు విన్నాక వాడు కళ్ళు తెరిచాడు. ముఖం నిండా నురగతోనే లేచి, నన్ను భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ కుర్చీ నేను కొన్నది, నేను నూనె పెట్టినది. ఇందులో ఒకరి చేత గీయించుకోవడం ఇదే మొదలు. క్షవరం అయితేగానీ వివరం తెలియదంటారు. నాకు వివరం ముందే తెలిసింది, క్షవరం ఇప్పుడు మొదలైంది.

నురగ చల్లగా తగిలింది. తర్వాత వాడి బొటనవేలు చెంప మీద ఆనింది. పొడిగా, వెచ్చగా, కాస్త గరుగ్గా ఉంది. చర్మాన్ని ఎంత లాగాలో అంతే లాగింది. చెంపకు అన్నీ తెలుస్తున్నాయి.

“రేపటి నుంచి కత్తి నేను పడతాను,” అన్నాడు వాడు. “జుట్టుకు మెషిను ఉంది, అది నువ్వు ఆడించు. చెవుల దగ్గర నేను చూసుకుంటా. డాక్టరు దగ్గరికి రేపు పొద్దున్నే, సెలూను తెరవకముందు. అక్కకు ఇవాళ నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.”

వాడు ఒక ఏడాదిలో మాట్లాడేది ఒకేసారి మాట్లాడాడు.

“నా కుర్చీ కోసం కాచుకునేవాళ్ళు నీ దగ్గర కూర్చోరురా.”

“నువ్వు పక్కన నిలబడి మాట్లాడు. కూర్చుంటారు.”

“నా మాటలకు నీ చెయ్యా?”

“ఊఁ.”

అద్దం ముందు గ్లౌజులు రెండూ వేళ్ళు వంచుకుని ఉన్నాయి, ఇంకా ఏదో పట్టుకున్నట్టే. రేపు డాక్టరు దగ్గరికి వాటిని వాడే తొడుక్కుంటాడేమో. సైజు వాడికి కొంచెం వదులవుతుంది. ఆ మాట చెప్పబోయాను. అందులో ఒక జోకు కూడా ఉంది, నాలుక చివర దాకా వచ్చింది.

“మాట్లాడకు బావా,” అన్నాడు వాడు. “గొంతు దగ్గరున్నాను.”